పన్నెండు బారలు

మా అత్తగారు రెండు చేతులూ చాపితే ఈ కొస వేలి నుంచి ఆ కొస వేలి దాకా సరిగ్గా నూట నలభై ఎనిమిది సెంటీమీటర్లు. ఈ సంగతి మా ఆఫీసు కంప్యూటర్లో ఉంది, పైవాళ్లకు పంపిన నివేదికలో కూడా ఉంది. ఒక ఆడమనిషి చేతుల పొడవు ప్రభుత్వ కాగితాల్లోకి ఎలా ఎక్కిందో చెప్పాలంటే ముందు ఆవిడ గురించి చెప్పాలి. చెప్పేది కోడలు కాబట్టి కాస్త కారం తగులుతుంది, ఓర్చుకోండి. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. మేమిద్దరం పదమూడేళ్లుగా ఒకే వంటింట్లో తిరుగుతున్నాం కనుక ఆ రెండు బిరుదుల్లో ఏదీ మా ఇంటికి రాలేదు.

ఆవిడను ఒడ్డున అందరూ మేకులమ్మ అంటారు. చదువు నాలుగో తరగతి. చిన్నప్పుడు తల్లితో పాటు ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి గవ్వలూ శంఖాలూ ఏరేది. రెక్కాడితే గానీ డొక్కాడని ఇల్లు. ఆవిడకు ముప్పై రెండేళ్లు వచ్చాక పగడాలను కాపాడే సర్కారు ఆఫీసు వాళ్లు దిగి, ఆ నీళ్ల చుట్టూ పసుపు రంగు డబ్బాలు తేలేలా కట్టి, ఇది రక్షిత ప్రాంతం, ఇకమీదట ఇక్కడ వల వేయకూడదు, లంగరు దించకూడదు, గవ్వ ముట్టుకోకూడదు అన్నారు. ఈవిడ తిన్నగా ఆఫీసుకు వెళ్లి, అప్పటి ఆఫీసరు బల్ల మీద ఖాళీ బుట్ట బోర్లించి, "ఇందులో ఇక ఏం వేసుకోమంటారో మీరే చెప్పండి" అందట.

ఆయన గడుసువాడు. "అడుగున ఏముందో మాకన్నా నీకే బాగా తెలుసు. టేపు పట్టుకుంటావా?" అన్నాడట.

అలా పట్టుకున్న టేపు ఇరవై నాలుగేళ్లు వదల్లేదు. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని దిగడం నేర్పితే మొదట్లో ఆవిడకు నచ్చలేదు. ఆ బుడగల చప్పుడుకి చేపలన్నీ పారిపోతున్నాయని, వీపు మీద ప్రెషర్ కుక్కర్ మోస్తున్నట్టుందని సణిగేది. కానీ ఒక్క ఊపిరికి చూడగలిగింది ఎంత, గంటసేపు చూడగలిగింది ఎంత. ఏరుకోవడానికి వెళ్లిన మనిషి చూడడానికి వెళ్లడం మొదలుపెట్టింది.

పని చెప్పుకోవడానికి చాలా సులువు. నీళ్ల అడుగున ఆరు చోట్ల ఆరు గీతలు ఉన్నాయి. గీత అంటే యాభై మీటర్ల దూరం, పది మీటర్లకొక ఇనుప మేకు. ఏడాదికోసారి ఆ మేకుల వెంట టేపు పరిచి, అర మీటరుకొకచోట ఆగి, టేపు కింద ఏముందో నీళ్లలోనూ రాయగలిగే ప్లాస్టిక్ పలక మీద రాయాలి. బతికిన పగడమా, చచ్చిన పగడమా, రాయా, ఇసుకా. గీతకు వంద చుక్కలు. వందలో ఎన్ని బతికి ఉన్నాయన్నదే ఆ ఏటి లెక్క. పిల్లల్ని ఎప్పుడూ ఒకే తలుపు చెక్కకు నిలబెట్టి ఎత్తు గీస్తాం కదా, ఇదీ అంతే. ఏటా తలుపు మారిస్తే పిల్లవాడు పెరిగాడో లేదో ఎవరికీ తెలియదు. అందుకని మేకు కదలకూడదు. ముప్పై ఆరు మేకులూ ఆవిడే కొట్టింది. నీళ్లలో సుత్తి విసిరితే ఆ విసురు సగంలోనే చచ్చిపోతుంది. ఒక్కో మేకుకు ఒక్కో పూట పట్టిందట.

నేను ఆ ఆఫీసులో టైపిస్టుని. ఒడ్డు మీద రెండు గదులు. ముందు గదిలో నేను, నా కంప్యూటరు, ఆఫీసరు బల్ల. వెనక గదిలో సిలిండర్లు, కొక్కేలకు ఆరేసిన రబ్బరు సూట్లు. ఆ తడి రబ్బరు వాసన నా చీరలకు కూడా పట్టేసింది. వీళ్లు పలకల మీద రాసుకొచ్చినవి కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. పదకొండేళ్లుగా పగడాల లెక్కలు కొడుతున్నాను గానీ పడవ ఎక్కింది లేదు. నాకు నీళ్లంటే కడుపులో తిప్పుతుంది.

ఆవిడ ఎలాంటి మనిషో తెలియాలంటే ఎండలు మండిన ఆ ఏడాది చెప్పాలి. ఐదేళ్ల కిందట రెండు నెలల పాటు సముద్రం కాగిన నీళ్లలా అయింది. పగడం రాయి కాదు, ప్రాణమున్నది. వేడి ఎక్కువైతే రంగు వదిలేసి తెల్లగా పాలిపోతుంది. గీతలన్నీ సున్నం కొట్టినట్టయ్యాయి. కొత్తగా వచ్చిన ఒక ఉద్యోగి తెల్లవన్నీ చచ్చిపోయినట్టు రాసుకొచ్చాడు. ఈవిడ ఆ పలక లాక్కుని, "మూర్ఛపోయిన మనిషిని పోయాడని రాస్తావా? ఆరు వారాలు ఆగు" అంది. ఆగారు. సగానికి పైగా రంగు తిరిగొచ్చింది. మిగతా వాటి మీద పాచి పట్టింది. పాచి పట్టిందంటే ఇక లేనట్టే. వాటిని ఒక్కొక్కటే తన చేత్తోనే చచ్చినట్టు రాసింది. ఆ రోజు ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చింది. నేను ఉల్లిపాయల వల్లే అనుకుంటానని ఆవిడ ధీమా.

పోయిన ఏడు చలికాలంలో ఆవిడ కుడి చెవి దెబ్బతింది. డాక్టరు చూసి, ఈదొచ్చు గానీ ఒక బార లోతు దాటి మునగకూడదన్నాడు. దాటితే ఆ చెవి మళ్లీ పనిచెయ్యదన్నాడు. దాంతో ఈ ఏడాది లెక్క పొడుగు చేతికి వచ్చింది.

పొడుగు అంటే మా ఆఫీసు డైవరు. మా తలుపులోంచి వంగకుండా రాలేడు, అందుకే ఆ పేరు. ఆరేళ్లుగా మేకులమ్మ పక్కనే దిగుతున్నాడు, అయితే అతనిది కెమెరా పని. మేకు వెతకడం, టేపు పరవడం ఆవిడే చూసుకునేది. అతను పనిమంతుడు, మెత్తని మనసు. కాలికి తొడిగిన రబ్బరు ఫిన్ను తగిలి చిన్న పగడపు కొమ్మ విరిగితే పూటంతా అన్నం సయించని రకం. ఇది గుర్తుంచుకోండి, జరిగిన పొరపాటంతా ఈ మంచితనంలోంచే పుట్టింది.

మొదటి రెండు గీతలూ సజావుగా అయ్యాయి, వాటి మేకులు పైకే కనపడుతున్నాయి. మూడో గీతకు వెళ్లిన రోజు సాయంత్రం పలక తెచ్చి నా బల్ల మీద పెట్టి, వెనక గదిలోకి వెళ్లిపోయాడు. పోయిన ఏడు మూడో గీతలో వందకు నలభై ఏడు బతికి ఉన్నాయి. ఈ ఏడు తొమ్మిది. కింద ఇలా రాశాడు. "పాత మేకులు దొరకలేదు. రెండు గంటలు వెతికాం. పక్కనే కొత్తవి కొట్టాం."

నేను అలాగే టైపు కొట్టాను. కొట్టడమే నా పని.

ఆఫీసరు గారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. ఆయన చెడ్డవాడేం కాదు, కాగితం మనిషి. నియమం ప్రకారం పదిహేను కంటే తక్కువ బతికున్న గీతను లంగరు నిషేధించిన జాబితాలోంచి తీసేయాలి, కాపాడ్డానికి అక్కడేమీ మిగలలేదని అర్థం. రేవు వాళ్లు ఆ ముక్క కోసం ఏళ్లుగా అడుగుతున్నారు. సరుకు ఓడలు వంతు వచ్చేదాకా అక్కడ లంగరు దించి ఆగొచ్చని వాళ్ల ఆశ. లంగరు ఒక్కసారి దిగితే చాలు, దాని గొలుసు అలకు అటూ ఇటూ ఈడ్చుకుని ముప్పై ఏళ్ల పెరుగుదలను ఒక్క పూటలో పిండి చేసేస్తుంది. ఆ జాబితా తేల్చే కమిటీ తొమ్మిది రోజుల్లో కూర్చుంటుంది.

ఆ సంగతి ఇంట్లో అన్నం వడ్డిస్తూ నేనే చెప్పాను. నా నోరు ఊరుకోదు.

అత్తగారు కంచం పక్కకు జరిపింది. "మేకులు దొరక్కపోవడమేంటి? నేనేమన్నా గుండుసూదులు గుచ్చానా?"

"రెండు గంటలు వెతికారట అత్తయ్యా. తుప్పు పట్టి పోయాయేమో."

"తుప్పు పట్టినా మేకు మేకే."

మరునాడు పొద్దున్నే ఆఫీసుకు వచ్చి ఆఫీసరు గారి ఎదుట నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, మూడో గీత పోలేదు. పోయిన ఏడు నా కళ్లతో చూశాను. ఈ ఏడు ఎండలు కూడా లేవు. ఊరికే ఎందుకు పోతుంది?"

"మేకులమ్మ గారూ, మీ మాటంటే నాకు గౌరవం ఉంది. కానీ కమిటీకి మీ మాట పంపలేను కదా, కాగితం పంపాలి. కాగితం తొమ్మిది అంటోంది."

"ఆ కాగితం ఇంకెక్కడో కొలిచింది."

"అయితే పాత మేకు ఒక్కటి చూపించండి. ఒక్కటి చాలు. మళ్లీ కొలిపిస్తాను. లేకపోతే మూడో గీత జాబితాలోంచి పోతుంది."

మిగతా గీతలు కొలుస్తూ పొడుగు మూడోదానికి మళ్లీ రెండుసార్లు వెళ్లాడు. జీపీఎస్ పెట్టుకుని వెళ్లాడు. అది పడవ ఎక్కడుందో చెబుతుంది గానీ అడుగున మేకు ఎక్కడుందో చెప్పదు. మేకులు ఎక్కడున్నాయో చెప్పే, నేను టైపు చేసిన గుర్తుల కాగితం దగ్గర పెట్టుకుని, అందులో ఉన్నట్టే కొలుచుకుంటూ వెళ్లాడు. బోడి రాయి తప్ప ఏమీ లేదన్నాడు. ఆఫీసులో వెనక నవ్వులు మొదలయ్యాయి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం, వయసు మీద పడింది, వదులుకోలేకపోతోంది అన్నారు. నిజం చెప్పాలి, నేనూ అలాగే అనుకున్నాను. అనుకుని ఊరుకోకుండా వంటింట్లో ఆవిడతోనే అన్నాను.

"పోనీలెండి అత్తయ్యా. ఇన్నేళ్లు చూశారు. ఒక గీత పోతే కొంప మునగదు కదా."

ఆవిడ నా వైపు తిరగలేదు. ఆ క్షణం నుంచి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా మామయ్యతో చెప్పేది, ఆయన నాకు చెప్పేవారు, నేను ఆయనకిస్తే ఆయన ఆవిడకిచ్చేవారు. మా మామయ్య ఆఫీసు పడవ నడుపుతారు. రోజుకు పది మాటలు మాట్లాడే మనిషి. ఆ రెండు రోజుల్లో ఏడాదికి సరిపడా మాట్లాడి అలసిపోయారు.

మూడో రోజు ఆదివారం. పెరట్లో బట్టలారేసే తాడు తెగిపోయింది. ఇటు గోడకున్న కొక్కేనికీ అటు స్తంభానికీ మధ్య ఎంతుందో నేను చేతులు చాపి కొలిచి, లోపలికి వినపడేలా గాలిలోకి "నాలుగు బారలు" అన్నాను. మాటల్లేవు కదా, అలాగే చెప్పాలి. ఆవిడ లోపల కొత్త తాడు చుట్ట విప్పి, నాలుగు బారలు కొలిచి కోసి, పట్టుకొచ్చింది. కొక్కేనికి కట్టి లాగితే తాడు స్తంభం దాకా రాలేదు. మూర దూరంలో ఆగిపోయింది.

"నాలుగన్నావుగా?" అంది మాట్లాడకూడదన్న సంగతి మరిచిపోయి.

"నాలుగే అత్తయ్యా. నేనే కొలిచాను."

"నేనూ నాలుగే కొలిచాను."

ఇద్దరం ఆ తాడును చూశాం. తడి బట్టల బకెట్టు చేతిలో పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను. రెండేళ్ల కిందట ఆవిడ గుర్తులన్నీ కంప్యూటర్లో ఎక్కించమని ఆఫీసరు గారు చెబితే, ఈ పెరట్లోనే కూర్చుని ఆవిడ చెబుతుంటే నేను రాసుకున్నాను. మూడో గీతకు రాసుకున్నది నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "గుమ్మడికాయ నుంచి సముద్రం వైపు పన్నెండు బారలు, అక్కడ మొదటి మేకు." గుమ్మడికాయ అంటే అక్కడున్న పెద్ద గుండ్రటి పగడపు బండ, అది తెలియని డైవరు లేడు.

"అత్తయ్యా, ఆ పన్నెండు బారలు ఎవరివి?"

"ఎవరివేంటి? నావి. మేకు కొట్టింది నేనైతే బార ఇంకెవరిది అవుతుంది?"

"ఆ ముక్క నేను రాయలేదు."

ఆవిడ చేతిలో తాడు జారింది. ఆవిడ బుర్ర చురుకైనది, ఇక నేను విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. లోపలికి వెళ్లి కుట్టుమిషను సొరుగులోంచి టేపు తెచ్చి నా చేతికిచ్చి, గోడకు ఆనుకుని రెండు చేతులూ చాపింది. అత్తగారిని అంత దగ్గరగా కొలవడం అదే మొదలు. ఎడమ చిటికెన వేలు మీద పాత కోత మచ్చ ఉందని కూడా అప్పుడే చూశాను. నూట నలభై ఎనిమిది.

పొడుగుకి ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వచ్చాడు. ముందు గదిలో నిలబెట్టి చేతులు చాపమంటే ఒక చెయ్యి కిటికీ ఊచకు తగిలింది, రెండోది వంటింటి తలుపుకు తగిలింది. నూట తొంభై ఒకటి. మామయ్య పేపరు అంచు మీద పెన్సిలుతో గుణించి చూశారు. పన్నెండు బారలకు తేడా ఐదు మీటర్లు దాటింది.

"ఐదు మీటర్ల అవతల రాయే. అక్కడెప్పుడూ రాయే," అన్నారు మామయ్య.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదా," అంది అత్తగారు.

"ఎవరడిగారు?"

పొడుగు ముఖం చిన్నబోయింది. "మేకు దొరక్క, కొత్తది కొట్టాలంటే బతికిన పగడానికి దెబ్బ తగలకూడదు కదమ్మా. అందుకే వెతికి వెతికి ఏమీ లేని చోట కొట్టాను. టేపు కూడా ఆ ఏమీ లేని చోటనే నడిచింది."

"దెబ్బ తగలకూడదనుకున్నావు, అది తప్పు కాదు," అంది ఆవిడ. "రేపు పడవ తియ్యమని సారుకి చెప్పు. ఆయన్ను కూడా రమ్మను." తర్వాత నా వైపు చూసింది. "నువ్వూ రా."

"నాకు నీళ్లు పడవు అత్తయ్యా."

"రాసింది నువ్వు. వచ్చి చూడు."

సోమవారం పొద్దున పడవలో ఐదుగురం. మామయ్య చుక్కాని దగ్గర, ఆఫీసరు గారు ఎండకు టోపీ పెట్టుకుని ముందు, పొడుగు సిలిండరు బిగించుకుంటూ, అత్తగారు ఒళ్లో తాడు చుట్టతో, నేను పడవ అంచు పట్టుకుని. ఆ తాడును ఆదివారమే పెరట్లో ఆవిడ చేతులతో పన్నెండుసార్లు కొలిచి కోశాం. అరగంట ప్రయాణంలో నేను రెండుసార్లు కక్కుకున్నాను. ఆవిడ నా వీపు రాస్తూ, "పదకొండేళ్లుగా కొడుతున్నావు, ఒక్కసారైనా చూడాలి కదే" అంది. రెండు రోజుల మౌనానికి అది క్షమాపణ అని నాకు అర్థమైంది. మా ఇంట్లో అంతకంటే ఎవరూ అడగరు.

పొడుగు తాడు పట్టుకుని దిగాడు. అత్తగారు అద్దాలు పెట్టుకుని పడవ నిచ్చెన పక్కన నీళ్ల మీద బోర్లా తేలుతూ కిందికి చూస్తోంది. నేను రక్షణ జాకెట్టు బిగించుకుని నిచ్చెన కింది మెట్టు మీద కూర్చున్నాను. కాళ్లు నీళ్లలో పెట్టడమే నాకు సాహసం. పావుగంటకు పొడుగు పైకొచ్చి నోట్లోని గొట్టం తీశాడు.

"అమ్మా, తాడు కొసన మేకు లేదు. అంతా పగడమే. వేలు పెట్టే సందు లేదు."

ఆఫీసరు గారు పడవలోంచి నిట్టూర్చడం నాకు వినపడింది.

"సందు ఎక్కడుంటుంది?" అంది ఆవిడ. "ఇరవై నాలుగేళ్లు అవి ఊరికే కూర్చుంటాయా? బల్లలా పరుచుకున్నది ఒకటి ఉండాలి. దాని కిందే ఉంటుంది. నేను చూపిస్తా ఆగు."

అని నడుం వంచి తల కిందికి పెట్టింది. వంగి ఆవిడ చీలమండ రెండు చేతులతో పట్టుకున్నాను. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారు, నాకు అందినవి కాళ్లే.

ఆవిడ పైకి తేలి నీళ్లు ఉమ్మి, "వదులు" అంది.

"డాక్టరు ఒక బార దాటొద్దన్నాడు."

"ఎవరి బారో అడిగావా?"

ఆఫీసరు గారు నవ్వారు, మామయ్య నవ్వారు, నీళ్లలో పొడుగు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు, వదల్లేదు. కింద మేకు ఉందో లేదో నాకు తెలియదు, ఈ చెవి పోతే ఈవిడ ఏమైపోతుందో నాకు బాగా తెలుసు. నేను వదలనని ఆవిడకు తెలిసినట్టుంది. కాసేపటికి కాలు లాక్కోవడం మానేసింది.

"సరే," అని పొడుగు వైపు తిరిగింది. "నా కళ్లు నువ్వే. విను. పైనుంచి చూస్తే ఏం కనపడదు. అడుగున పక్కకు పడుకో. ఆ బల్ల అంచు కింద నుంచి లోపలికి లైటు వెయ్. బల్లకు కాలు ఉంటుంది కదా, ఆ కాలు ఏంటో చూడు."

"ఇది మీరు ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆవిడ నిచ్చెన పట్టుకుంది. "నాకు కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. చేత్తో తడిమి టేపు కట్టేసేదాన్ని. నీకు తెలియదన్న సంగతి నాకు తోచలేదు. అది నా తప్పే."

నా పదమూడేళ్ల కాపురంలో ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. రాసిపెట్టుకోవడానికి చేతిలో కాగితం లేకపోయింది.

పొడుగు మళ్లీ మునిగాడు. బుడగలు ఒకేచోట వస్తున్నాయి. అత్తగారు నీళ్ల మీద బోర్లా తేలుతూ కదలకుండా చూస్తోంది. ఆవిడ కాలు ఇంకా నా చేతుల్లోనే ఉంది. ఉన్నట్టుండి ఆ కాలు ఒక్కసారి గట్టిగా తన్నుకుంది. ఏదో అయిందని భయపడి లాగబోయాను. ఆవిడ తల పైకెత్తింది. అద్దాల వెనక కళ్లు మెరుస్తున్నాయి.

"దొరికిందని సైగ చేస్తున్నాడు," అంది.

కెమెరా పైకొచ్చాక అందరం ఆ చిన్న తెర మీదికి వంగాం. భోజనాల బల్లంత పగడం, గోధుమ రంగుది, అంచులు లేత ఊదా. దాని కింది చీకట్లో వెలుగు పడ్డ చోట తుప్పు పట్టిన ఇనుప మేకు ఒకటి బల్ల కాలులా నిలబడి ఉంది. దానికి పసుపు ప్లాస్టిక్ బిళ్ల, దాని మీద అంకెలు. మూడు, గీత, ఒకటి. మేకు ఎక్కడికీ పోలేదు. పగడమే దాని మీదికి ఎక్కి పెరిగి, గొడుగు పట్టి దాచేసింది.

ఆఫీసరు గారు టోపీ తీసి చాలాసేపు చూశారు. "మళ్లీ కొలవండి," అన్నారు.

ఆ పూటంతా కొలిచారు. ఆరు మేకుల్లో నాలుగు అలాగే దొరికాయి. మిగతా రెంటి చోట పగడం మీద చిన్న బొడిపె తప్ప ఏమీ కనపడలేదు. పూర్తిగా మింగేసింది. టేపు పరిచి, వంద చుక్కలూ ఫొటో తీసి, పొడుగు పలక తెచ్చాడు. వందకు యాభై రెండు. ఆఫీసరు గారు హాయిగా నవ్వి సీసాలో నీళ్లు తాగారు. మామయ్య ఇంజను తాడు మీద చెయ్యి వేశారు.

"ఆగండి," అంది అత్తగారు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, పలక ఒళ్లో పెట్టుకుని, ఫొటోలు ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెట్టింది. ముప్పై ఒకటో చుక్క దగ్గర ఆగింది.

"ఇది బతికిందా?"

"కొంచెం రంగు ఉన్నట్టు అనిపించి..." అని పొడుగు నీళ్లు నమిలాడు.

"అది రంగు కాదు, పాచి. కొట్టెయ్."

అలాంటివి ఇంకో రెండు దొరికాయి. పొడుగు తల వంచుకుని కొట్టేశాడు. ఆవిడ మీద గౌరవంతో అతను ఆ మూడింటికీ ప్రాణం పోశాడని మాకందరికీ తెలుసు.

"మూడింటితో ఏమవుతుందమ్మా?" అన్నారు ఆఫీసరు గారు.

"మూడు అబద్ధాలు వేస్తే మిగతా నలభై తొమ్మిదిని కూడా ఎవరూ నమ్మరు సార్. ఇంకో మాట. నాలుగో గీత ఈ ఏడు నిజంగానే తగ్గింది, ముప్పై ఒకటి నుంచి ఇరవై రెండుకి. దాని మేకులు దొరికాయి, దాని ఫొటోలు కూడా చూశాను. దాన్ని మళ్లీ కొలవమని నేనడగను. అలాగే పంపండి."

నలభై తొమ్మిది. పోయిన ఏటి కంటే రెండు ఎక్కువ. పడవ తిరుగు ముఖం పట్టింది. ఆవిడ పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఉప్పు ఆరిపోయి తెల్లగా ఉన్నాం. నాకు గర్వంగా ఉంది, ఆ మాట ఆవిడకు చెప్పాను కూడా. విననట్టు నటించింది. దెబ్బతిన్న చెవి ఇటు కాదు, అటువైపుది.

కమిటీకి కాగితం సమయానికే వెళ్లింది. పాత లెక్క ఎందుకు తప్పిందో ఆఫీసరు గారు దాపరికం లేకుండా రాయించారు. నూట నలభై ఎనిమిది, నూట తొంభై ఒకటి, రెండూ అందులో వేయించారు. మూడో గీత జాబితాలోనే ఉంది. ఓడలకు అవతలి వైపు ఇసుక అడుగున చోటు చూపించారు.

ఇక మిగిలింది పొడుగు కొట్టిన ఆరు కొత్త మేకులు. కమిటీ అయిన మర్నాడు అతను ఆఫీసుకు వచ్చి, వాటిని పీకేసి వస్తానన్నాడు. అత్తగారు అప్పుడు వెనక గదిలో సూట్లు మడతపెడుతోంది. చెవి దెబ్బతిన్నా ఆఫీసుకు రావడం మానలేదు.

"ఎందుకు పీకడం? అక్కడ తొమ్మిది ఉన్నాయిగా."

"బోడి రాయి కదమ్మా."

"నేను మొదటి మేకు కొట్టినప్పుడు మూడో గీతలో పద్దెనిమిదే ఉండేవి. ఈ తొమ్మిది తొంభై అవుతాయో సున్నా అవుతాయో చూసేవాళ్లు ఒకరుండాలి కదా. ఏడో గీత అని పేరు పెట్టు."

ఆఫీసరు గారు ఒప్పుకున్నారు. అయితే ఇకమీదట కొలతలన్నీ మీటర్లలోనే ఉండాలన్నారు. సబబే. అత్తగారు వెనక గదిలోకి వెళ్లి, పిడి అరిగిపోయిన తన సుత్తి తెచ్చి పొడుగు చేతిలో పెట్టింది.

"ఇది నీ గీత. నీ చెవులు బాగున్నంత కాలం నీదే. ఆ మేకులు నీకు కనపడకుండా పోయే రోజు వస్తే నువ్వు గెలిచినట్టు."

"మరి మీరో?" అన్నాడతను.

"నేను పైనుంచి చూస్తూ ఉంటా. ఒక బార దాకా నాకు అనుమతి ఉంది."

నేను కంప్యూటర్లో ఏడో గీత తెరిచాను. గుమ్మడికాయ నుంచి సముద్రం వైపు ఇరవై రెండు మీటర్ల తొంభై రెండు సెంటీమీటర్లు అని కొట్టాను. దాని పక్కన, ఎవరూ అడగకపోయినా, పన్నెండు బారలు అని కూడా కొట్టాను. ఈసారి ఎవరి బారో రాశాను.